ఫిలిప్పీన్స్‌లో 60-40 నిబంధన: పబ్లిక్ యుటిలిటీల్లో విదేశీ వాటాపై తరచుగా అడిగే ప్రశ్నలు

ఫిలిప్పీన్స్‌లో కరెంటు, నీళ్లు, ఫోన్లు, ఓడరేవుల్లో పెట్టుబడి మాట ఎత్తితే చాలు, "60-40" అనే అంకె వచ్చి పడుతుంది. అంకె అందరికీ తెలుసు. దేనిలో 60, ఎవరిది 40, ఏ కంపెనీకి వర్తిస్తుంది అని గుచ్చి అడిగితే మాత్రం తలా ఒక మాట చెబుతారు. లా చదివే పిల్లలు, షేర్లు కొనేవాళ్లు, మనీలాలో ప్రాజెక్టు పనుల మీద వెళ్లేవాళ్లు మళ్లీ మళ్లీ ఇవే సందేహాలు అడుగుతున్నారు. అందుకే విడివిడిగా బదులివ్వడం మానేసి అన్నీ ఒకచోట రాశాను. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు.

## మొదట: అసలు నిబంధన

60-40 అంటే సరిగ్గా ఏమిటి? రాజ్యాంగంలో ఎక్కడ రాసి ఉంది?

ఫిలిప్పీన్స్ 1987 రాజ్యాంగం 12వ అధికరణలోని 11వ సెక్షన్‌లో ఉంది. పబ్లిక్ యుటిలిటీని, అంటే కరెంటు, నీళ్ల లాంటి ప్రజావసర సేవను, నడపడానికి ఫ్రాంచైజీ, సర్టిఫికెట్, ఇంకే రకమైన అనుమతి అయినా ఇద్దరికే ఇవ్వాలి: ఫిలిపినో పౌరులకు, లేదా ఆ దేశ చట్టాల కింద ఏర్పడి, మూలధనంలో కనీసం 60 శాతం పౌరుల చేతిలో ఉన్న సంస్థలకు. మిగిలిన 40 శాతం వరకు విదేశీయులు పెట్టుకోవచ్చు.

చాలామంది ఇక్కడితో చదవడం ఆపేస్తారు. సెక్షన్ ఇంకా ఉంది. ఆ అనుమతి ఏ ఒక్కరికీ గుత్తగా ఇవ్వకూడదు, 50 ఏళ్లు దాటకూడదు, ప్రజాహితం కోసం అవసరమైతే కాంగ్రెస్ (అక్కడి చట్టసభ) దాన్ని మార్చవచ్చు, రద్దు కూడా చేయవచ్చు. బోర్డులో విదేశీయుల స్థానాలు వాళ్ల వాటాకు మించకూడదు. కంపెనీని నడిపే ఎగ్జిక్యూటివ్, మేనేజింగ్ అధికారులంతా ఫిలిపినో పౌరులే అయి ఉండాలి. డబ్బు పెట్టేవాళ్లకు 40 శాతం గీత కంటే ఈ చివరి మాటే ఎక్కువ తలనొప్పి.

ఇది 1987లో కొత్తగా పెట్టిన నిబంధనా?

కాదు. అమెరికా పాలన కింద ఉండగా రాసుకున్న 1935 రాజ్యాంగంలోనే 60 శాతం ఉంది. 1973 రాజ్యాంగమూ దాన్ని అలాగే ఉంచింది. 1986లో కొత్త రాజ్యాంగం రాస్తున్నప్పుడు యుటిలిటీలకు మూడింట రెండు వంతులు పెట్టాలని కమిటీ ప్రతిపాదించింది, చివరికి మళ్లీ 60 దగ్గరే ఆగారు.

మధ్యలో ఒక పెద్ద మినహాయింపు నడిచింది. 1946లో స్వాతంత్ర్యం వచ్చేటప్పటికి దేశం యుద్ధంలో బూడిదై ఉంది. అమెరికా చేసిన బెల్ ట్రేడ్ యాక్ట్, వాణిజ్య ఒప్పందం కావాలంటే సహజ వనరుల్లో, యుటిలిటీల్లో అమెరికన్లకు ఫిలిపినోలతో సమాన హక్కు ఇవ్వాలని షరతు పెట్టింది. యుద్ధ నష్టపరిహారంలో 500 డాలర్లు మించిన చెల్లింపులనూ దీనితోనే ముడిపెట్టారు. అలా 1947 మార్చి 11న ప్రజాభిప్రాయ సేకరణ పెట్టి రాజ్యాంగాన్ని సవరించారు. ఆ సమాన హక్కు 1974 జులైలో ముగిసింది. ఈ నిబంధన జోలికి వెళ్తే అక్కడి పెద్దవాళ్లు ఎందుకంత ఉద్వేగంగా మాట్లాడతారో ఈ చరిత్ర తెలిస్తే గానీ అర్థం కాదు.

భారత్‌లోనూ ఎఫ్‌డీఐ పరిమితులున్నాయి కదా, తేడా ఏముంది?

మన దగ్గర పరిమితి ప్రభుత్వ విధానంలో ఉంటుంది. కేబినెట్ నిర్ణయం తీసుకుని ప్రెస్ నోట్ ఇస్తుంది, ఫెమా (విదేశీ మారకద్రవ్య చట్టం) నిబంధనలు మారతాయి. 2021లో టెలికాంలో ఆటోమేటిక్ రూట్‌ను, అంటే ప్రభుత్వ ముందస్తు అనుమతి అక్కర్లేని పెట్టుబడి పరిమితిని, 49 నుంచి 100 శాతానికి పెంచింది అలాగే. రాజ్యాంగాన్ని ఎవరూ ముట్టుకోలేదు.

ఫిలిప్పీన్స్‌లో అంకె రాజ్యాంగంలోనే ఉంది. మార్చాలంటే చట్టసభలో నాలుగింట మూడు వంతుల ఓటు, ఆపైన దేశవ్యాప్త ప్రజాభిప్రాయ సేకరణ కావాలి. 1987 రాజ్యాంగంలో ఇప్పటిదాకా ఒక్క అక్షరం మారలేదు. అంకె కదలదు కాబట్టి పోరాటమంతా మాటల మీదికి మళ్లింది. "మూలధనం" అంటే ఏమిటి, "నడపడం" అంటే ఏమిటి, "పబ్లిక్ యుటిలిటీ" అంటే ఏమిటి? అక్కడి పెద్ద కేసులన్నీ ఈ మూడింటి చుట్టూనే తిరుగుతాయి.

భూమి, పత్రికలు, బడులకు కూడా ఇదే 40 శాతమా?

వేటికవి వేరు. భూమి, సహజ వనరులు, విద్యాసంస్థలకు 60-40. ప్రకటనల సంస్థల్లో 70 శాతం ఫిలిపినోలది ఉండాలి. మీడియా నూరు శాతం వాళ్లదే. ఒకదానికి వచ్చిన సడలింపు ఇంకోదానికి వర్తించదు.

## వాటా లెక్క వేసేటప్పుడు

మూలధనం అంటే మొత్తం షేర్లా, ఓటున్న షేర్లా?

ఈ ఒక్క ప్రశ్న మీద వచ్చినదే గాంబోవా వర్సెస్ తెవెస్ కేసు. 2007లో ప్రభుత్వం తన చేతిలో ఉన్న ఒక హోల్డింగ్ కంపెనీ (వేరే కంపెనీల షేర్లు పట్టుకుని ఉండే కంపెనీ) షేర్లను హాంకాంగ్‌కు చెందిన ఫస్ట్ పసిఫిక్ గ్రూపుకు అమ్మింది. ఆ హోల్డింగ్ కంపెనీకి పీఎల్‌డీటీలో, అంటే దేశంలోని అతి పెద్ద టెలిఫోన్ కంపెనీలో వాటా ఉంది. పీఎల్‌డీటీలో చిన్న వాటాదారు అయిన విల్సన్ గాంబోవా దీని మీద సుప్రీంకోర్టుకు వెళ్లారు.

కోర్టు ముందుకు వచ్చిన లెక్క ఇదీ. ఓటు హక్కున్న సాధారణ షేర్లలో 64.27 శాతం విదేశీయులది, 35.73 శాతం ఫిలిపినోలది. ఓటు లేని ప్రిఫరెన్స్ షేర్లలో 99.44 శాతం ఫిలిపినోలది. రెండూ కలిపి కూడితే ఫిలిపినోల వాటా 80 శాతం దాటిపోతుంది, నిబంధన దర్జాగా పాటించినట్టే కనిపిస్తుంది. కానీ డైరెక్టర్లను ఎన్నుకునే చేతులు చూస్తే కంపెనీ విదేశీయులది. డబ్బు దగ్గరికి వస్తే తేడా ఇంకా ఘోరం. సాధారణ షేరుకు 70 పెసోల (పెసో అక్కడి కరెన్సీ) డివిడెండ్ వస్తే ప్రిఫరెన్స్ షేరుకు వచ్చేది ఒక్క పెసో. చిత్రమేమిటంటే ముఖ విలువ మాత్రం ప్రిఫరెన్స్ షేరుదే ఎక్కువ: అది 10 పెసోలు, సాధారణ షేరు 5.

2011 జూన్ 28న జస్టిస్ ఆంటోనియో కార్పియో రాసిన తీర్పు, మూలధనం అంటే డైరెక్టర్ల ఎన్నికలో ఓటేసే హక్కున్న షేర్లని తేల్చింది. పునఃపరిశీలన పిటిషన్లను 2012 అక్టోబరు 9న కొట్టేసింది. పేరుకు పెద్ద వాటా, చేతికి ఓటూ లేదు, లాభమూ లేదు అన్న ఏర్పాటును యాజమాన్యం అనలేం. ఆ మాటను కోర్టు ఒప్పుకోవడానికి 2011 దాకా పట్టింది.

ఆ తీర్పు తర్వాత పీఎల్‌డీటీలో విదేశీయులు షేర్లు అమ్ముకోవాల్సి వచ్చిందా?

లేదు. కంపెనీ ఓటు హక్కున్న కొత్త రకం ప్రిఫరెన్స్ షేర్లు పుట్టించింది. 2012 అక్టోబరులో అలాంటివి 15 కోట్లు, ఒక్కొక్కటి ఒక పెసో చొప్పున, తన ఉద్యోగుల ప్రయోజన నిధి కింద ఉన్న హోల్డింగ్ కంపెనీకి ఇచ్చింది. అంటే 15 కోట్ల పెసోలతో మొత్తం ఓట్లలో విదేశీయుల శాతం 40 కిందికి దిగిపోయింది. సాధారణ షేర్లు ఎవరివి వాళ్ల దగ్గరే ఉన్నాయి. తీర్పు అక్షరం నెగ్గింది, దాని ఉద్దేశం సంగతి మీరే ఆలోచించుకోండి.

ఇప్పుడు కంపెనీ ఏ లెక్క చూపించాలి?

కంపెనీలను, షేర్ల వ్యవహారాలను నియంత్రించే సెక్యూరిటీస్ అండ్ ఎక్స్ఛేంజ్ కమిషన్ 2013లో ఇచ్చిన 8వ సర్క్యులర్ ప్రకారం 60 శాతాన్ని రెండుసార్లు చూపించాలి: డైరెక్టర్లను ఎన్నుకునే షేర్లలో ఒకసారి, ఓటు ఉన్నవీ లేనివీ కలిపి మొత్తం షేర్లలో ఇంకోసారి.

ఒక కంపెనీకి ఓటున్న షేర్లు 100, ఓటు లేనివి 900 అనుకుందాం. ఫిలిపినోల దగ్గర ఓటున్నవి కనీసం 60 ఉండాలి. మొత్తం 1,000లో కనీసం 600 ఉండాలి. 60 ఓటు షేర్లుంటే, ఓటు లేనివి 540 ఉంటే సరిపోతుంది. ఓటు షేర్లు 55 మాత్రమే ఉండి మిగతా 900 మొత్తం ఫిలిపినోలవే అయినా ఆ కంపెనీ తప్పినట్టే.

ఇది చాలదు, ప్రతి తరగతి షేర్లలోనూ విడిగా 60 శాతం ఉండాలని రాయ్ వర్సెస్ హెర్బోసా కేసులో వాదించారు. 2016 నవంబరులో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు, సర్క్యులర్‌నే సమర్థించింది.

మా వాటాదారు కంపెనీలోనూ 60 శాతం ఫిలిపినోలే. ఇంకా లోపలికి ఎందుకు తవ్వుతారు?

మామూలుగా తవ్వరు. వాటాదారు కంపెనీలో 60 శాతం ఫిలిపినోలదైతే, ఆ కంపెనీ పేరు మీదున్న వాటా మొత్తాన్నీ ఫిలిపినోగానే లెక్కిస్తారు. దీన్ని కంట్రోల్ టెస్ట్ అంటారు.

అసలు పెట్టుబడి ఎవరిదో అనుమానం వస్తే గ్రాండ్‌ఫాదర్ రూల్ దిగుతుంది. అంటే తాత దాకా వెళ్లి ఆరా తీయడం. యుటిలిటీలో 60 శాతం వాటా 'అ' కంపెనీది, 40 శాతం నేరుగా విదేశీయులది అనుకోండి. 'అ'లో మళ్లీ 60 ఫిలిపినోలది, 40 విదేశీయులది. అప్పుడు యుటిలిటీలో ఫిలిపినోల నిజమైన వాటా 60లో 60 శాతం, అంటే 36. విదేశీయులది 64. మధ్యలో ఇంకో కంపెనీని ఇలాగే పేరిస్తే 36 కాస్తా 21.6 అవుతుంది. 2014లో నారా నికెల్ గనుల కేసులో సుప్రీంకోర్టు ఈ పద్ధతినే వాడింది. కాగితం మీద ఫిలిపినో భాగస్వామి ఉండి, డబ్బంతా విదేశీ కంపెనీదే అయితే అనుమానం రాక మానదు.

స్థానికుడి పేరు మీద షేర్లు పెట్టి మేమే నడిపించుకుంటే?

అది బినామీ. అక్కడ డమ్మీ అంటారు, దాని మీద 1936 నుంచే ప్రత్యేక చట్టం ఉంది: కామన్వెల్త్ యాక్ట్ 108, యాంటీ డమ్మీ లా. శిక్ష 5 నుంచి 15 ఏళ్ల జైలు. జరిమానా ఆ ఫ్రాంచైజీ లేదా హక్కు విలువకు తగ్గదు. పేరు అరువిచ్చినవాడికీ, తీసుకున్నవాడికీ ఇద్దరికీ వర్తిస్తుంది.

ఇందులో ఒక మెలిక ఉంది. సమాచారం ఇచ్చినవాడికి వసూలైన జరిమానాలో నాలుగో వంతు బహుమతిగా దక్కుతుంది. డమ్మీయే ముందుకొచ్చి చెబితే అతనికి శిక్ష తప్పుతుంది, బహుమతీ దక్కుతుంది. "మన మనిషే, ఎక్కడికి పోతాడు" అనుకునేవాళ్లు ఈ సెక్షన్ ఒకసారి చదువుకుంటే మంచిది.

## ఏది యుటిలిటీ, ఏది కాదు

పట్టాలు, రైళ్లు విదేశీ కంపెనీవైతే నిబంధన తప్పినట్టు కాదా?

కాదు. రాజ్యాంగం అడ్డుకునేది నడపడాన్ని, ఆస్తిని సొంతం చేసుకోవడాన్ని కాదు. మనీలా ఎడ్సా రోడ్డు మీది మెట్రో, ఇప్పుడు ఎంఆర్‌టీ-3 అంటున్నది, ఈ గొడవకే కోర్టుకెక్కింది. కట్టే కంపెనీ హాంకాంగ్‌లో రిజిస్టరైంది. అది లైను కట్టి, ప్రభుత్వ రవాణా శాఖకు లీజుకిచ్చి, గడువు తీరాక అప్పగించాలి. రైళ్లు నడిపేది, టికెట్లు అమ్మేది ప్రభుత్వమే. 1995లో టటాడ్ వర్సెస్ గార్సియా తీర్పులో సుప్రీంకోర్టు ఇది చెల్లుతుందని చెప్పింది. బస్సు ఓనరు ఒకరు, పర్మిట్ మీద బస్సు తిప్పేవాడు ఇంకొకరు అయినట్టే ఇదీ.

2022 చట్టం తర్వాత ఏవి యుటిలిటీలు?

రిపబ్లిక్ యాక్ట్ 11659 మీద 2022 మార్చి 21న అధ్యక్షుడు దుతెర్తే సంతకం చేశారు. ఇది 1936 నాటి పబ్లిక్ సర్వీస్ యాక్ట్‌కు సవరణ. పాత చట్టంలో పబ్లిక్ సర్వీసుల జాబితా చాంతాడంత ఉండేది. టెలిఫోన్, రైల్వేలతో పాటు ఐస్ ఫ్యాక్టరీ కూడా అందులో ఉంది! ఏది పబ్లిక్ సర్వీసు, ఏది పబ్లిక్ యుటిలిటీ అని ఆ చట్టం విడదీసి చెప్పలేదు కాబట్టి రెండూ ఒకటే అన్నట్టు చలామణి అయ్యాయి.

సవరణ ఆ రెంటినీ విడదీసింది. యుటిలిటీలుగా మిగిలినవి ఇవి: విద్యుత్ పంపిణీ, విద్యుత్ ట్రాన్స్‌మిషన్, పెట్రోలియం పైపులైన్లు, నీటి పంపిణీ, మురుగునీటి పైపులైన్లు, ఓడరేవులు, ప్రజా రవాణా వాహనాలు. వీటికి 60-40 అలాగే ఉంది. టెలికాం, విమానయానం, విమానాశ్రయాలు, రైల్వేలు, టోల్ రోడ్లు, దేశీయ నౌకాయానం జాబితా నుంచి బయటికొచ్చాయి. అవి ఇంకా పబ్లిక్ సర్వీసులే, నియంత్రణ సంస్థల అజమాయిషీ పోలేదు. పోయింది 40 శాతం గీత ఒక్కటే.

జీప్నీ, ట్యాక్సీ, యాప్‌లో బుక్ చేసే కారు అన్నీ ఒకటేనా?

జీప్నీ (జనాన్ని ఎక్కించుకుని తిరిగే జీపు లాంటి బండి), బస్సు, ట్రైసికిల్, ట్యాక్సీ యుటిలిటీ కిందికే వస్తాయి. యాప్ కంపెనీల కింద నడిచే కార్లను చట్టమే మినహాయించింది.

సోలార్ ప్లాంటు పెట్టాలంటే 40 శాతమేనా?

2001 విద్యుత్ సంస్కరణల చట్టమే విద్యుదుత్పత్తిని యుటిలిటీ కాదంది. అయినా సౌర, పవన విద్యుత్తుకు చాలాకాలం 40 శాతమే ఉండేది. ఎందుకంటే ఎండ, గాలి కూడా "సహజ వనరులు", వాటికి రాజ్యాంగంలో వేరే సెక్షన్ కింద 60-40 ఉంది. 2022లో న్యాయశాఖ ఆ అర్థం సరికాదని అభిప్రాయం చెప్పింది, అదే ఏడాది ఇంధన శాఖ నిబంధనలు మార్చి నూరు శాతానికి దారి తెరిచింది. మీ ప్లాంటు నుంచి ఇళ్లకు తీగలు లాగి పంపిణీ చేస్తామంటే మాత్రం మళ్లీ 60-40.

టెలికాంలో నూరు శాతం అంటే నిజంగా నూరేనా?

అందరికీ కాదు. 2022 సవరణ టెలికాంను కీలక మౌలిక సదుపాయంగా పెట్టింది. అందులో విదేశీయులు 50 శాతం దాటాలంటే, వాళ్ల దేశం కూడా ఫిలిపినోలకు అలాంటి అవకాశమే ఇస్తుండాలి. పైగా జాతీయ భద్రతకు ముప్పనుకుంటే, నిర్ణీత సమీక్ష తర్వాత అధ్యక్షుడు లావాదేవీని నిలిపేయవచ్చు, నిషేధించవచ్చు.

చైనా ప్రభుత్వ కంపెనీకి విద్యుత్ గ్రిడ్‌లో 40 శాతం ఎలా ఉంది?

దేశమంతటా హైటెన్షన్ లైన్లు నడిపేది ఎన్‌జీసీపీ అనే ప్రైవేటు సంస్థ. దానికి 2008లో చట్టం ద్వారా 50 ఏళ్ల ఫ్రాంచైజీ ఇచ్చారు, 2009 జనవరి నుంచి గ్రిడ్ దాని చేతిలో ఉంది. అందులో స్టేట్ గ్రిడ్ కార్పొరేషన్ ఆఫ్ చైనాది 40 శాతం. రాజ్యాంగం విదేశీ వాటాకు హద్దు పెట్టింది గానీ, ఆ విదేశీయుడు ప్రైవేటు వ్యక్తా, పరాయి ప్రభుత్వమా అని అడగలేదు. ఆ ప్రశ్న 2022 సవరణ అడిగింది. విదేశీ ప్రభుత్వాల ఆధీనంలోని సంస్థలు యుటిలిటీల్లో, కీలక మౌలిక సదుపాయాల్లో కొత్తగా వాటా తీసుకోకూడదు. అప్పటికే ఉన్నవాళ్లు ఉన్నంతలో ఉండవచ్చు, అదనంగా పెట్టకూడదు. సావరిన్ వెల్త్ ఫండ్లకు (ప్రభుత్వాలు మదుపు కోసం పెట్టుకునే నిధులకు), స్వతంత్ర పింఛను నిధులకు మాత్రం కలిపి 30 శాతం వరకు సడలింపు ఉంది.

నన్నడిగితే ఈ చట్టంలో అసలైన జాతీయ భద్రత నిబంధన ఇదే. శాతాల గురించి 80 ఏళ్లు కొట్టుకున్నారు గానీ, ఆ డబ్బు ఎవరి ఖజానా నుంచి వస్తోందన్నది ఆలస్యంగా గుర్తొచ్చింది.

## నడుపుతున్నప్పుడు

40 శాతం మాదైతే సీఈఓను మేం పంపుకోవచ్చా?

యుటిలిటీ అయితే వీల్లేదు. బోర్డులో మీ వాటాను బట్టి డైరెక్టర్లను పెట్టుకోవచ్చు. పది మంది బోర్డులో 40 శాతం వాటాకు నలుగురు. ప్రెసిడెంటు, జనరల్ మేనేజరు లాంటి పదవులు పౌరులకే. "సలహాదారు" అని పేరు తగిలించి నిజానికి నడిపించేది అతనే అయితే యాంటీ డమ్మీ చట్టం కిందికి వస్తుంది.

యుద్ధమో విపత్తో వస్తే ప్రభుత్వం కంపెనీని తీసేసుకుంటుందా?

తాత్కాలికంగా తీసుకోవచ్చు. జాతీయ అత్యవసర పరిస్థితిలో, ప్రజాహితం కోరితే, సహేతుకమైన షరతుల మీద యుటిలిటీని స్వాధీనం చేసుకునే అధికారం రాజ్యాంగం 12వ అధికరణ 17వ సెక్షన్ ఇచ్చింది. శాశ్వతంగా ప్రభుత్వపరం చేయాలంటే న్యాయమైన పరిహారం చెల్లించాలి.

## మార్పు మాట

మామూలు చట్టం తెచ్చి రాజ్యాంగం పెట్టిన హద్దును తప్పించుకోవచ్చా?

2022 సవరణ మీద ఉన్న అసలు విమర్శ ఇదే. రాజ్యాంగం "పబ్లిక్ యుటిలిటీ" అన్న మాట వాడింది గానీ నిర్వచించలేదు, నిర్వచించే పని చట్టసభది అని సమర్థించేవాళ్ల వాదన. సహజ గుత్తాధిపత్యం ఉన్నచోట, ఒకే తీగ, ఒకే పైపు ఇంటికొచ్చేచోట గీత ఉండాలి గానీ, నాలుగు విమాన కంపెనీలు పోటీ పడేచోట ఎందుకని వాళ్లు అడుగుతారు.

రాజ్యాంగం రాసినవాళ్ల దృష్టిలో టెలిఫోను కచ్చితంగా యుటిలిటీ, పీఎల్‌డీటీ కేసులో కోర్టూ అలాగే చూసింది కదా అన్నది రెండోవైపు వాదన. నిర్వచనం మార్చి టెలికాంను తీసేయగలిగితే రేపు నీళ్లనూ తీసేయవచ్చు, అప్పుడు సెక్షన్ ఉండీ లేనట్టే. నాకు మొదటి వాదనలో ఆర్థికం, రెండోదానిలో న్యాయం బలంగా కనిపిస్తాయి.

రాజ్యాంగాన్నే మార్చే ప్రయత్నం జరగలేదా?

చాలాసార్లు జరిగింది. తాజాగా 2024లో యుటిలిటీలు, విద్య, ప్రకటనల సెక్షన్లలో "చట్టం వేరుగా చెబితే తప్ప" అన్న మాటలు చేర్చాలని ప్రతిపాదించారు. అంకె అలాగే ఉంటుంది, దాన్ని మార్చే తాళంచెవి కాంగ్రెస్ చేతికొస్తుంది. ప్రతినిధుల సభ మార్చిలో ఆమోదించింది. సెనేట్‌లో ముందుకు కదల్లేదు.

ఇక్కడా మాట దగ్గరే పేచీ. సవరణకు కాంగ్రెస్ "మొత్తం సభ్యుల్లో నాలుగింట మూడు వంతులు" ఓటేయాలని రాజ్యాంగంలో ఉంది. రెండు సభలూ కలిసి కూర్చుని ఓటేయాలా, విడివిడిగానా అన్నది రాయలేదు. సెనేటర్లు 24 మంది, ప్రతినిధులు 300 పైచిలుకు. కలిపి లెక్కిస్తే సెనేట్ ఊసే ఉండదు. విడిగా లెక్కిస్తే ఏడుగురు సెనేటర్లు చాలు, అంతా ఆగిపోతుంది.